గుడ్డ చూడకండి, కాగితం చూడండి
(అరబ్ టీవీలో ఆడవాళ్ల పాత్రలపై ప్రసంగ పాఠం)

నమస్కారం. వెనక వరుసలో వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరికి జరుపుకుంటాను.

అరబ్ టీవీలో ఆడవాళ్లు అనగానే మనవాళ్లు మొదట అడిగేది ‘బుర్ఖా వేసుకునే నటిస్తారా?’ అని. ఆ ప్రశ్న పట్టుకుంటే గంటసేపు మాట్లాడినా మొదలుపెట్టిన చోటే ఉంటాం. ఎందుకో చెబుతాను. 2010లో అబుదాబి టీవీలో ‘షాయిర్ అల్ మిల్యూన్’ అనే పద్యాల పోటీ జరిగింది. ఎడారి తెగల నోటి భాషలో అల్లే నబతీ పద్యాల పోటీ అది. హిస్సా హిలాల్ అనే సౌదీ కవయిత్రి అందులో నల్లటి నిఖాబ్‌తో వేదికెక్కారు. కళ్లు తప్ప ఏమీ కనబడవు. ఆ వేషంలోనే, ఫత్వాలతో జనాన్ని భయపెట్టే మతపెద్దల మీద పద్యం చదివారు. చంపుతామని బెదిరింపులు వచ్చాయి. అయినా చివరి రౌండు దాకా నిలబడి మూడో స్థానం తెచ్చుకున్నారు. అక్కడి వినోద ఛానెళ్లలో జుట్టు విరబోసుకుని, అతిథి చెప్పినదానికల్లా నవ్వడం తప్ప వేరే పని లేని యాంకరమ్మలు కూడా ఉంటారు. గుడ్డను కొలబద్దగా పెట్టుకుంటే ఈ ఇద్దరిలో ఎవరు స్వేచ్ఛగా ఉన్నట్టు?

అందుకే ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒకటే. తెర మీద గుడ్డ చూడకండి, కాగితం చూడండి. పెళ్లి ఒప్పందం, తలాఖ్ పత్రం, పిల్లల సంరక్షణ మీద కోర్టు ఉత్తర్వు, బ్యాంకులో పిల్లల పేరున ఉన్న డబ్బు. ఆ కాగితం ఎవరి దగ్గరుంది, ఎవరు సంతకం పెడితే చెల్లుతుంది, అది లేకపోతే ఆమెకు ఏ పని ఆగిపోతుంది. అరబ్ సీరియళ్లలో మంచి కథలన్నీ దాదాపు ఈ ముడి చుట్టూనే తిరుగుతాయి. చెడ్డ కథలు ఆ కాగితాన్ని దాచేస్తాయి.

ముందుగా ఒక మాట. ‘అరబ్ టీవీ’ అని ఒక్క ముద్దగా అనేస్తున్నాం గానీ, అరబ్ లీగ్‌లో 22 దేశాలున్నాయి. సీరియళ్లు ప్రధానంగా తయారయ్యేది కైరోలో, డమాస్కస్‌లో, కువైట్‌లో. డబ్బు మాత్రం చాలావరకు గల్ఫ్ నుంచి వస్తుంది. 1991లో లండన్‌లో మొదలైన ఎంబీసీ అనే టీవీ ఛానెళ్ల సంస్థ సౌదీ వాళ్లది. ఈజిప్టు రచయిత ఈజిప్టు చట్టం గురించి రాస్తాడు, కానీ కొనేవాడి కన్ను రియాద్ ప్రకటనల మార్కెట్ మీద ఉంటుంది. ఈ రెండిటి మధ్య లాగుడు గుర్తుంచుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

గుడ్డ సంగతి త్వరగా తేల్చేస్తాను. ఈజిప్టు ప్రభుత్వ టీవీ 1960 జులైలో మొదలైంది. దశాబ్దాల పాటు అక్కడ హిజాబ్ వేసుకున్న ఆవిడను వార్తలు చదవనివ్వలేదు. వీధిలో ఎక్కువమంది ఆడవాళ్లు తల కప్పుకుంటున్న కాలంలో కూడా ఇదే తంతు. 2012 సెప్టెంబరులో ఫాతిమా నబీల్ హిజాబ్‌తో వార్తలు చదివారు, ఆ నిషేధం అలా పోయింది. నాలుగేళ్లు తిరక్కుండా, 2016 ఆగస్టులో అదే ప్రభుత్వ ప్రసార సంస్థ ఎనిమిది మంది యాంకర్లను నెల రోజులు పక్కన పెట్టింది. తప్పేమిటంటే, లావయ్యారట, బరువు తగ్గి రావాలట. ఒకప్పుడు తల కప్పుకోవద్దన్నారు, ఇప్పుడు నడుము తగ్గించమన్నారు. రెండుసార్లూ చెప్పింది వార్త రాసేవాళ్లు కాదు, కుర్చీలో కూర్చున్న అధికారులు.

నాటకాల్లో ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో భర్త ముందు, పిల్లల ముందు ముస్లిం స్త్రీ తల కప్పుకోనక్కర్లేదు. కానీ నిజజీవితంలో హిజాబ్ పాటించే నటికి కెమెరా వెనక పాతికమంది పరాయి మగవాళ్లుంటారు. దాంతో పాత్ర మంచం మీద పడుకున్నా తలగుడ్డతోనే పడుకుంటుంది. చూసేవాళ్లు నవ్వుకుంటారు. కొందరు నటులు హిజాబ్ మీద విగ్గు పెట్టుకుని గట్టెక్కారు. ఇది దర్శకుడి అజ్ఞానం అనుకుని వ్యాసాల్లో రాసేస్తుంటారు. అది నటి ఒప్పందంలోని షరతు కావచ్చని కనీసం ఒకసారి అనుకోండి.

ఇక కాగితానికి వద్దాం.

2001 రంజాన్‌లో ఈజిప్టులో ‘ఆయిలత్ అల్ హగ్ మెత్వల్లీ’, అంటే హాజీ మెత్వల్లీ కుటుంబం, అనే సీరియల్ వచ్చింది. నూర్ అల్ షరీఫ్ బట్టల వ్యాపారి. నాలుగు పెళ్లిళ్లు. నలుగురు భార్యలూ ఇంచుమించు సుఖంగానే సర్దుకుపోతుంటారు. అరబ్ దేశాలన్నిటా విరగబడి చూశారు. మగవాళ్లు మురిసిపోయారు, మహిళా సంఘాలు మండిపడ్డాయి. తప్పు నాలుగు పెళ్లిళ్లు చూపించడంలో లేదు. అవి జరుగుతూనే ఉంటాయి, చూపిస్తే నష్టమేమీ లేదు. కథలో కాగితం మాయమవడంలో ఉంది. ఈజిప్టులో 1979 నాటి 44వ నంబరు చట్టం ఏమందంటే, భర్త మళ్లీ పెళ్లి చేసుకోవడమే మొదటి భార్యకు నష్టం జరిగినట్టు లెక్క. ఆ కారణంతో ఆమె విడాకులు కోరవచ్చు. 1985లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. అదే ఏడాది వచ్చిన 100వ నంబరు చట్టంతో, నష్టం జరిగిందని ఆమే రుజువు చేసుకోవాల్సి వచ్చింది, అదీ రెండో పెళ్లి సంగతి తెలిసిన ఏడాది లోపు. 2000లో వచ్చిన 1వ నంబరు చట్టం ఖులాకు దారి తెరిచింది. మన పాతబస్తీలో ఖులా అంటారే, అదే మాట. మెహర్, అంటే పెళ్లికి భర్త ఇచ్చిన సొమ్ము, తిరిగిచ్చేసి, భరణం లాంటి హక్కులు వదులుకుంటే, భర్త ఒప్పుకోకపోయినా కోర్టు విడాకులిస్తుంది. ఈ చట్టం వచ్చిన మరుసటి ఏడాదే మెత్వల్లీ వచ్చాడు. ఆ నలుగురిలో ఏ భార్యకైనా కోర్టుకెళ్లే ఆలోచన కథకు ఇరుసు కాగలిగేది. రచయిత నవ్వులు ఎంచుకున్నాడు.

ఇరవై ఏళ్లు ముందుకు రండి. 2022 రంజాన్‌లో ‘ఫాతెన్ అమల్ హర్బీ’. రచన ఇబ్రహీం ఈసా, నటి నెల్లీ కరీమ్. ఫాతెన్ ఉద్యోగం గమనించండి: రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తా. రోజంతా ఊళ్లోవాళ్ల కాగితాల మీద ముద్రలు వేసే మనిషికి, సొంత ఇంటి మీద, సొంత పిల్లల మీద కాగితం లేదు. విడాకులు తీసుకున్నాక ఆమెకు ఎదురయ్యే గోడ ఇది: మళ్లీ పెళ్లి చేసుకుంటే పిల్లల సంరక్షణ ఆమె చేతి నుంచి జారి, వరుసలో తర్వాతి వాళ్లకు, ముందుగా అమ్మమ్మకు, పోతుంది. మాజీ భర్త మాత్రం రేపే పెళ్లాడినా తండ్రి హక్కులో పూచిక పుల్లంత తేడా రాదు. ఫాతెన్ ఒక మతపెద్దను అడుగుతుంది, ‘ఇది దేవుడు చెప్పాడా, మనుషులు రాశారా?’ అన్న అర్థంలో. ఆ ఒక్క ప్రశ్న మీద కైరోలోని పెద్ద ఇస్లాం మత విద్యాపీఠం అల్ అజ్హర్ స్పందించేంత గొడవ జరిగింది. నా లెక్కలో ఈ సీరియల్‌కు ఒక లోపముంది. పాత్రలు మాట్లాడుకోవు, ఒకరికొకరు చట్టం సెక్షన్లు అప్పజెప్పుకుంటారు. అయినా కాగితాన్ని బల్లమీద పెట్టింది.

మరుసటి ఏడు, 2023లో, ఆ పనిని నాటకంగా కూడా బాగా చేసిన సీరియల్ ‘తహ్త్ అల్ విసాయా’, సంరక్షకత్వం కింద అని అర్థం. మోనా జకీ నటించారు, దర్శకుడు ముహమ్మద్ షాకిర్ ఖదీర్, రచన ఖాలిద్ దియాబ్, షీరీన్ దియాబ్. 15 ఎపిసోడ్లే. హనాన్ అనే ఆవిడ భర్త పోతాడు, ఇద్దరు పిల్లలు. ఉన్న ఆస్తి ఒక చేపల పడవ. ఆ పడవలో పిల్లల వాటా ఉంది. ఆ వాటాకు సంరక్షకుడు తల్లి కాదు, మామగారు. పిల్లల డబ్బు ముట్టుకోవాలంటే ఆయన సంతకం కావాలి. హనాన్ ఏం చేస్తుంది? పడవ ఎత్తుకుపోతుంది. డమియెట్టా తీరానికి వెళ్లి, చేపల వేటలోకి ఆడదాన్ని రానివ్వని చోట సరంగు పని మొదలెడుతుంది.

ఈ కథ వెనక ఉన్నది 1952 నాటి 119వ నంబరు చట్టం. దాని పని తీరు ఇలా ఉంటుంది. మైనరు ఆస్తికి సంరక్షకుడు తండ్రి. తండ్రి ముందే ఇంకొకర్ని నియమించకుండా పోతే, తాతగారు, అంటే తండ్రి తండ్రి. ఆయన కూడా లేకపోతేనే కోర్టు తల్లిని నియమించే మాట వస్తుంది. నియమించినా ఆమె పైన మైనర్ల ఆస్తులు చూసే ప్రాసిక్యూషన్ విభాగం ఉంటుంది. డబ్బు తీయాలంటే అనుమతి, ఖర్చుకు లెక్క. ఆస్తి విషయంలో పిల్లలకు 21 ఏళ్లు వచ్చేదాకా ఇదే వరస. నిజానికి ఈ చట్టం పుట్టింది అనాథల సొమ్ము చుట్టాలు మింగకుండా ఆపడానికి. కన్నతల్లిని కూడా ఆ చుట్టాల్లో ఒకరిగా లెక్కేసింది, చిక్కంతా అక్కడే. సీరియల్ ప్రసారమవుతుండగానే చట్టం మార్చాలన్న మాట ఈజిప్టు పార్లమెంటు సభ్యుల నోట వచ్చింది.

మనమేదో వేరే అనుకోకండి. మన హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం, 1956, ఆరో సెక్షన్ తీసి చదవండి. సహజ సంరక్షకుడు తండ్రి, ‘అతని తర్వాత’ తల్లి. ‘అతని తర్వాత’ అంటే ‘అతను చనిపోయాక’ అనే కాదు, ‘అతను లేనప్పుడు, పట్టించుకోనప్పుడు’ కూడా అని సుప్రీంకోర్టు 1999లో గీతా హరిహరన్ కేసులో అర్థం చెప్పాల్సి వచ్చింది. దాని మీద తెలుగులో ఒక్క డైలీ సీరియల్ చెప్పండి చూద్దాం. మనకు అత్తాకోడళ్ల గొడవలోనే పన్నెండు వందల ఎపిసోడ్లు గడిచిపోతాయి.

తమాషా ఏమిటంటే, ‘తహ్త్ అల్ విసాయా’ ప్రసారం మొదలవక ముందు జనం కొట్టుకున్నది చట్టం గురించి కాదు, పోస్టరు గురించి. మోనా జకీ మేకప్ లేకుండా, పాలిపోయిన ముఖంతో, దట్టమైన కనుబొమలతో, తలగుడ్డ కట్టుకుని కనబడ్డారు. హిజాబ్ వేసుకునేవాళ్లను దీనంగా చూపించారని కొందరు తిట్టారు. మళ్లీ గుడ్డే! ఎపిసోడ్లు చూశాక ఆ గోల అణిగింది.

ఇప్పుడు సిరియా. 2006లో ఎంబీసీలో మొదలైన ‘బాబ్ అల్ హారా’, పేట గుమ్మం. బస్సామ్ అల్ మల్లా తీశారు. ఫ్రెంచి వాళ్ల పాలనలోని డమాస్కస్‌లో ఒక పాతపేట, వీరులైన మగవాళ్లు, వంటింట్లో ఆడవాళ్లు. భార్య భర్తను ‘ఇబ్న్ అమ్మీ’ అని పిలుస్తుంది, అంటే బాబాయి కొడుకా అని. నిజంగా బాబాయి కొడుకు కాకపోయినా అదే పిలుపు. మన ‘ఏవండీ’కి దగ్గర చుట్టం. ఆమెకూ సొంత పేరు వినిపించడం తక్కువ. ఉమ్ ఇసామ్, అంటే ఇసామ్ తల్లి. మనూళ్లల్లో ‘పెద్దోడి అమ్మా’ అంటారే, అలాగే. ఈ సీరియల్‌లో అందరికీ గుర్తుండిపోయిన గొడవ ఒకటుంది. భార్య కోపంలో భర్తను ‘ఫషర్త్’ అంటుంది. ‘కోతలు ఆపు’ అన్నంత మాట. దానికి ఆయన తలాఖ్ చెప్పేస్తాడు. మధ్య వయసు దాటిన దాంపత్యం, ఎదిగిన పిల్లలు, ఒక్క మాటకు ఆవిడ మూట కట్టుకోవాలి. ఇక్కడ కాగితం కూడా లేదు, నోటి మాటే కాగితం. కథ ఆ భర్తను తప్పుపట్టడానికి ఎంత మొహమాటపడుతుందో చూడండి. సీజన్ల కొద్దీ ఏడుపు ఆవిడదే.

ఈ సీరియల్‌ను సమర్థించేవాళ్లు ‘ఆ కాలంలో అంతే కదా’ అంటారు. అంతే కాదు. డమాస్కస్‌లో మేరీ అజమీ 1910లోనే ‘అల్ అరూస్’ పేరుతో స్త్రీల పత్రిక పెట్టారు. నాజిక్ అల్ ఆబిద్ 1920లో ‘నూర్ అల్ ఫైహా’ పత్రిక నడిపారు, అదే ఏడు మైసలూన్ యుద్ధంలో ఫ్రెంచి సేనలకు ఎదురు నిలిచారు. 1949లో సిరియా స్త్రీలకు షరతులతో ఓటు వచ్చింది. పేటలో అందరూ నాజిక్‌లు ఉండరు, ఒప్పుకుంటాను. కానీ వీధిలోకి పత్రిక వచ్చే కాలంలో ఒక్క ఇంట్లోనైనా ఒక్క ఆడది అక్షరం చదువుతూ కనబడకపోవడం చరిత్ర కాదు. గతం ఇలా ఉంటే బాగుండునన్న కోరిక అది.

రంజాన్ గడియారం గురించి చెప్పకుండా ముందుకు పోలేను. అరబ్ సీరియల్‌కు సంక్రాంతి లాంటి సీజన్ రంజాన్. ఇఫ్తార్ అయ్యాక ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుంటారు. నెలకు 29 లేదా 30 రోజులు, కాబట్టి 30 ఎపిసోడ్లు. ఎపిసోడ్‌కు నలభై నిమిషాలు వేసుకున్నా 20 గంటల కథ. చాలా సీరియళ్లకు రంజాన్ మొదలయ్యేసరికి షూటింగ్ పూర్తి కాదు; చివరి ఎపిసోడ్లు ప్రసారం పక్కన నడుస్తుండగానే రాస్తారు, తీస్తారు. కథ పదిహేను ఎపిసోడ్లకే సరిపోతే, మిగతా పదిహేనూ దేనితో నింపుతారు? ఈజిప్టు వాళ్లు దీన్ని ‘మత్ వ తత్వీల్’ అంటారు, అంటే సాగదీత. సాగదీతకు చవకైన సరుకు ఆడవాళ్ల ఏడుపు, చెంపదెబ్బ, అసూయ. ఒక గది, ఇద్దరు నటులు, లైటింగ్ మార్చక్కర్లేదు, ఆరు నిమిషాలు గడుస్తాయి. ఎనిమిదో ఎపిసోడ్ నుంచి ఇరవై రెండో ఎపిసోడ్ దాకా చెంపదెబ్బలు లెక్కపెట్టండి, నేను చెప్పేది అర్థమవుతుంది. 15 ఎపిసోడ్ల రివాజు పెరిగాక ఆడపాత్రలకు ప్రాణం వచ్చింది. అందులో సగం కారణం భావజాలం, సగం కారణం ఉత్త లెక్కలే.

2008లో వచ్చిన టర్కీ సీరియల్ ‘నూర్’ గొడవ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. టర్కీలో ‘గుముష్’ పేరుతో వచ్చినప్పుడు అంత సంచలనమేమీ కాదు. ఎంబీసీ దాన్ని సిరియా వాడుక భాషలోకి డబ్ చేసింది. అంతకుముందు మెక్సికో సీరియళ్లను గ్రాంథిక అరబీలోకి డబ్ చేసేవాళ్లు. ప్రేమికులు వ్యాకరణం తప్పకుండా పోట్లాడుకునేవారు! వాడుక భాష వచ్చేసరికి తెర ఇంట్లోకి వచ్చింది. ఆఖరి ఎపిసోడ్‌ను 8.5 కోట్ల మంది చూశారని ఎంబీసీ చెప్పుకుంది. సౌదీలో అందరికన్నా పెద్ద మతాధికారి, గ్రాండ్ ముఫ్తీ, ఆ సీరియల్‌ను తప్పుపట్టారు. ఆడవాళ్లు హీరో అందానికి పడిపోయారని పత్రికలు రాశాయి. అది పైపై మాట. భార్య బట్టల డిజైనర్‌గా పైకి వస్తుంటే పక్కన నిలబడే భర్త అతను. వేరే దేశపు కథ కాబట్టి చట్టం గొడవ లేదు, కాగితం బరువు లేదు. అందుకే అంత హాయిగా అనిపించింది. 2012లో జీ వాళ్లు ‘జీ అల్వాన్’ పెట్టి మన హిందీ సీరియళ్లను అరబీలోకి డబ్ చేసి అమ్మినప్పుడు కూడా పనిచేసిన సూత్రం అదే: పరాయి ఇంటి పోట్లాట.

వార్తల సంగతి రెండు ముక్కల్లో. ప్రపంచవ్యాప్తంగా వార్తల్లో కనబడే, వినబడే మనుషుల్లో స్త్రీలెందరు అని 1995 నుంచి అయిదేళ్లకోసారి లెక్కపెడుతున్నారు. 1995లో 17 శాతం, 2020లో 25 శాతం. పాతికేళ్లకు పెరిగింది ఎనిమిది శాతం పాయింట్లు. సౌదీ ప్రభుత్వ ఛానెల్లో సాయంత్రం ప్రధాన వార్తలు ఒక స్త్రీ, వియామ్ అల్ దఖీల్, చదవడం 2018 సెప్టెంబరులో గానీ జరగలేదు. మొరాకోలో 2016 నవంబరులో 2ఎం ఛానెల్ పొద్దుటి కార్యక్రమంలో ఇంకో ఘోరం జరిగింది. భర్త కొట్టిన దెబ్బలు కనబడకుండా మేకప్ ఎలా వేసుకోవాలో నేర్పారు. నటి ముఖాన ఉబ్బు, కమిలిన మచ్చ వేసి, దాని మీద ఏ రంగు రాయాలో చూపించారు. స్త్రీల మీద హింసకు వ్యతిరేకంగా జరిపే దినానికి రెండ్రోజుల ముందు! ఛానెల్ క్షమాపణ చెప్పింది. అంతకు పన్నెండేళ్ల ముందు, 2004లో, సౌదీ యాంకర్ రానియా అల్ బాజ్ భర్త కొట్టిన దెబ్బలతో ఆసుపత్రిలో ఉండి, ఆ ముఖాన్ని ఫొటో తీసి పత్రికల్లో వేయనిచ్చారు. ఒకరు దాచమన్నారు, ఒకరు చూపించారు. వార్తగా నిలిచింది రెండోది.

ఇక మీరు చెయ్యాల్సిన పని. ఒక 30 ఎపిసోడ్ల సీరియల్ తీసుకోండి. అంతా చూడక్కర్లేదు. మొదటి మూడు, 14 నుంచి 16, ఆఖరి మూడు, మొత్తం తొమ్మిది. దాదాపు ఆరు గంటలు. ఒక పట్టీ గీసుకోండి, ఒక్కో సీనుకు ఒక వరుస. చోటు ఎక్కడ, ఎవరున్నారు, మాట ఎవరు మొదలెట్టారు, నిర్ణయం ఎవరు తీసుకున్నారు, డబ్బు ఎవరి జేబులోంచి వచ్చింది, సంతకం ఎవరిది. ఇద్దరు విడివిడిగా ఒకే ఎపిసోడ్ నింపి పోల్చండి. పది సీన్లలో రెండు కంటే ఎక్కువ తేడా వస్తే, ‘నిర్ణయం’ అంటే ఏమిటో మీ ఇద్దరికీ ఇంకా కుదరలేదన్నమాట; అది తేల్చుకుని మళ్లీ మొదలెట్టండి.

ఎక్కువమంది తప్పు చేసేది రెండు చోట్ల. ఒకటి, ఆడవాళ్లు ఎన్ని నిమిషాలు కనబడ్డారో లెక్కపెట్టి సంబరపడటం. మెత్వల్లీ భార్యలు గంటలకొద్దీ కనబడతారు. రెండోది, ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లను నమ్మడం. ‘ఇబ్న్ అమ్మీ’ అక్కడ ఉత్త ‘డియర్’ అయిపోతుంది. ఈజిప్టు మగవాడు నలుగురిలో భార్య పేరెత్తకుండా ‘అల్ గమాఆ’, అంటే ‘మావాళ్లు’ అంటాడు. సబ్‌టైటిల్లో అది ‘మై వైఫ్’. పిలుపులోని గౌరవం, దూరం, దాపరికం అన్నీ పోతాయి. అరబీ తెలిసినవాళ్లను ఒకర్ని పక్కన కూర్చోబెట్టుకోండి. హైదరాబాద్‌లో వెతికితే దొరక్కపోరు.

ఆ పట్టీలో చివరగా ఒక గడి కలపమంటాను. గల్ఫ్ ఇళ్ల కథలున్న సీరియళ్లలో తలుపు తీసే అమ్మాయి ఒకతె ఉంటుంది. టీ పళ్లెం పట్టుకొస్తుంది, ఒక్కోసారి వచ్చీరాని అరబీతో నవ్విస్తుంది, ఇంకోసారి దొంగతనం ఆమె మీద పడుతుంది. రాజంపేట, రాయచోటి, గోదావరి జిల్లాల ఊళ్ల నుంచి కువైట్ ఇళ్లల్లో పనికెళ్లిన మన ఆడవాళ్లు ఆ వంటింట్లో నిలబడి అదే సీరియల్ చూస్తుంటారు. కువైట్‌లో 2015 నాటి 68వ నంబరు చట్టం ప్రకారం వాళ్ల పాస్‌పోర్టు యజమాని దాచుకోకూడదు, రోజుకు 12 గంటలకు మించి పని చెప్పకూడదు, వారానికి ఒక రోజు సెలవివ్వాలి. అఖామా అనే నివాస అనుమతి పత్రం, పాస్‌పోర్టు, జీతం రసీదు, ఇంతకన్నా కాగితం మీద నడిచే బతుకు ఆ ఇంట్లో ఇంకెవరికీ లేదు. ఆ కాగితం కథకు ముడి కావడం మాత్రం మహా అరుదు. అందుకని గడి పైన ఇలా రాసుకోండి: ‘పనమ్మాయికి పేరుందా? ఆమె పాస్‌పోర్టు ఎవరి సొరుగులో ఉంది?’ నింపి తెచ్చాక వచ్చే వారం మాట్లాడుకుందాం.